కాటా గది

స్టేషన్ పేరు మాది కాదు.
పట్టాలు వేసిన ఇంగ్లీషు ఇంజనీరు
కూతురి పేరట, మిల్డ్రెడ్.
ఆమె ఇటు ఎన్నడూ రాలేదు.
నోరు తిరగక మేం మిల్‌ద్రే అన్నాం,
తొంభై ఏళ్లు ఉత్తరాల మీద అదే రాసుకున్నాం.

ముందు బండి వచ్చింది, ఆ వెనక ఊరు.
అంతకుముందు ఈ పంపా మైదానంలో
గడ్డీ, గాలీ,
తరిమేసినవాళ్ల పొయ్యిరాళ్లూ.

గూడ్సు షెడ్డులో నేలకు సమంగా కాటా.
మా నాన్న హసింతో దానికి గుమాస్తా.
గోధుమ బస్తాలు, ఉన్ని మూటలు, పాల క్యాన్లు
ముల్లు ఊగడం ఆగేదాకా ఆ ఇనుప పలక మీద నిలబడి
అప్పుడు బ్యూనస్ ఐరెస్ రేవుకు కదిలేవి.

కోతల రద్దీ తగ్గాక మనుషుల వంతు.
సరుకుల పుస్తకం చివరి పేజీల్లో మేం:
నెలిదా, పద్దెనిమిది కిలోలు (అది నేనే).
ఆ పూటే బండి దిగిన ఇటలీ కుర్రాడు బత్తిస్తా, నలభై తొమ్మిది, బూట్లతో.
పదేళ్లకు అతనే, ఎనభై ఆరు.
ఎర్మిందా రెండు అంకెలు రాయించుకుంది,
తనొక్కతే ఒకసారి, చంటిదాన్ని ఎత్తుకుని ఒకసారి.
తీసివేత మనమే చేసుకోవాలి.

రూలు ప్రకారం శవపేటికనూ కాటా వెయ్యాలి.
ప్లాసిదో వాళ్లమ్మను తెచ్చిన రోజున
నాన్న టోపీ తీశాడు,
ముల్లు వైపు చూడకుండా
ఒక గోధుమ బస్తా బరువు రాశాడు.
ఆయన రాసిన దొంగలెక్క
అదొక్కటే.

మూసేస్తున్నామని ఎవరూ చెప్పలేదు.
రాత్రి బండి పోయింది. ఆదివారం బండి పోయింది.
టైంటేబుల్ మీద ఒక కాగితం, దాని మీద ఇంకో కాగితం.
ఆఖరి బండి డ్రైవరు
రోజూలాగే చెయ్యి ఊపాడు.

జీతం లేని ఏడు నెలలు
నాన్న డ్యూటీకి వెళ్లాడు.
కాటాకు నూనె పెట్టి
ఖాళీ పలకను తూచేవాడు.
తారీఖు, సున్న.
తారీఖు, సున్న.

తర్వాత బేకరీ, తర్వాత బడి.
ఎవరో వచ్చి పట్టాలు కోసుకుపోయారు,
పాత ఇనుము, కిలోల లెక్కన.
ఎక్కడ తూచారో తెలీదు.
మా కాటా మీద మాత్రం కాదు.

మొన్న కారులో బత్తిస్తా మునిమనవరాలు,
మెడలో కెమెరా.
ఇది పనిచేస్తుందా అంటూనే ఎక్కింది.
తుప్పు రాలింది. ముల్లు లేచి
చాలాసేపు ఊగింది.

ఇంటికి పరిగెత్తాను, ఈ మోకాళ్లతోనే,
పుస్తకం తెచ్చాను.
సున్నల కింద ఇంకా చోటుంది.
పేరు అడిగి, అంకె వేసి,
పక్కన రాశాను:
బూట్లతో.