ఒంటిరంగు

నరసాపురం రేవు పక్క వీధిలో
పైగది అద్దెకు తీసుకున్నాడు లుడ్విక్.
ఏ దేశమయ్యా అంటే
ఆ పేరుతో ఇప్పుడు దేశం లేదనేవాడు.

అతని పెట్టెలో ఒక రంగుగొట్టం మీద
ఒంటిరంగు అని వాళ్ల భాషలో రాసుందట.
పిండి చూపించాడు.
ఉడికిన రొయ్యలా ఉంది.
"ఎవరి ఒళ్లు బాబూ ఇది?" అంది మా అమ్మ సువార్తమ్మ,
లేసు అల్లుతూనే.
ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు,
డజను పూలకింతని కూలి.
అందుకే ఆ పటంలో చేతులు మసగ్గా ఉంటాయి,
సూది ఒక్కటే నిలకడగా మెరుస్తుంది.

ఆ గొట్టం మూత మళ్లీ తియ్యలేదు.
వశిష్ఠకి ఎర్రనీరు తగిలిన రోజుల్లో
చెంబుతో తెచ్చి, తేరనిచ్చి,
అడుగున మిగిలిన ఒండ్రు
వేలికి రాసుకు చూసేవాడు.
పంటు నడిపే నూకరాజు మెడకి అది సరిపోయింది.
కొబ్బరి వలిచేవాళ్ల అరచేతులకి చాల్లేదు,
పీచు నానేసిన కాలవ నలుపు కాస్త పడాలన్నాడు.
డబ్బుల బదులు చేపలిచ్చేవారు. అరువు పెట్టేవారు.
నూకరాజు ఇప్పటికీ బాకీ.

ముప్పై ఏళ్లకి, ఒక ముసురుపూట,
అద్దం ఎదురుగా పెట్టుకుని
తన మొహం మొదలెట్టాడు.
పాత గొట్టం వెతికి తీస్తే రాయి.
బ్లేడుతో కోశాడు. గుండ రాలింది.
పంటు అవతలొడ్డుకి చేరేదాకా
కిటికీలోంచి చూసి
అమ్మకి కలిపిన రంగే మళ్లీ కలిపాడు.

ఆ పటం మా ఇంట్లో ఉంది.
చెవులు కుదర్లేదు.
వచ్చినవాళ్లు, మీ మేనమామా అనడుగుతారు.
అమ్మ మాత్రం పోయేదాకా అదే మాట:
"ఇంత పని చేసినోడు
చేతులేసుకోలేదేంటే?"