ఆకు దూసిన నెల

అమరాపురం దిన్నె మీద అరెకరా,
మూడేండ్లు చెనిక్కాయ ఎండిన ఎర్రగరుసు.
నలభై మొక్కలు నాటినాడు మా ఈరలింగప్ప.
నెక్టరిన్ అని నర్సరీ చీటీలో ఉండె.
నాకు నోరు తిరగలేదు.

ముందు కాపు రకమంట.
కొంచెం చలి తగిల్తే చాలంట.
కొంచెం అంటే ఎంత?
మాకుండేది తెల్లారుజామున
గొర్రెలమంద మీద పొగ లేచేంత చలి.
పొద్దు రెండు బారలెక్కితే అదీ లేదు.

అందుకని చెట్టుకు అబద్ధం చెప్పాల.
కార్తీకం పోతూనే నీళ్లు కట్టేసినాం.
మొగ్గ కంటికి గోరు తగలకుండా
పచ్చటాకును కిందికి వంచి
ఒక్కొక్కటే తెంపినాం, నేనూ సన్నీరమ్మా.
బిడ్డకు పాలు మాన్పించినట్టుండె.
దావన పొయ్యేవాళ్లు నిలబడి చూసినారు:
"పచ్చని చెట్టును బోడి చేస్తాండారే, తిక్కనా?"

ఈరలింగప్పకు బీడీలు ఎక్కువైనాయి.

ఇరవైమూడో దినం నీళ్లిడిస్తే
వారానికంతా ఆకులేని పుల్లల్నిండా గులాబీ రంగు.
అన్ని తేనెటీగలు యాడుండెనో అంతవరకూ!

కాయ గోలీ అంతయినాక ఇంకో పాపం.
జానెడు కొమ్మకు ఒక్కటే ఉంచాలంట,
తక్కినవన్నీ గిల్లేయాల.
సన్నీరమ్మ లెక్కపెడతా వచ్చి
రెండు చాటలు నిండినాక మానేసింది.

ఉగాది పోయిన మూడో వారం,
మామిడి ఇంకా పచ్చడికే పనికొచ్చే దినాల్లో,
ఇది పండింది.
కోడిగుడ్డంత. నూగు లేదు,
నూనె రాసిన చెంప మాదిరి నున్నన.
పులుపు ముందు, తీపి వెనక.
గుజ్జు టెంకను పట్టుకోని వదల్దు.
కొన్నిట్లో టెంకే చీలిపోయుండె,
తొందరపడి పండినదానికి అదొక జబ్బంట.

హిందూపురం మార్కెట్లో గంప దించితే
"ఆపిలా అక్కా? పేరేమి?" అన్నాడొకడు.
చింత కానిదానికి సీమచింత,
వంకాయ కానిదానికి సీమవంకాయ,
బయట్నుంచి ఏదొచ్చినా సీమ అంటిస్తాం కదా.
మరి మనదీ సీమే.
అట్టముక్క మీద బొగ్గుతో రాసినా: సీమపండు.
ఏ సీమదో కొనేవాళ్లు తేల్చుకోనీ.

ఏడు కిలోలు మిగిలినాయి.
బస్సులో కండక్టరుకు ఒకటిచ్చినా.
తిని, టెంక తుడిచి జేబులో వేసుకున్నాడు,
పెరట్లో నాటుతాడంట.
నీళ్లు కట్టేసే సంగతీ
ఆకు సంగతీ
నేను చెప్పలేదు.