చిల్లర

ఎత్తులొద్దు, మెట్లొద్దు,
రోజుకు నలభై నిమిషాలు, చదునైన చోట.
డాక్టరు చీటీ మీద రాసిచ్చిన రూటు ఇది.
పెన్న కట్ట వెంబడి, పార్కు గేటు నుంచి
పాత పంపుహౌసు దాకా
బూడిదరంగు పలకలు పరిచిన బాట.
పోను ఒక కిలోమీటరు, రాను ఒకటి.
మధ్యలో స్టాపుల్లాగా ఆరు సిమెంటు బెంచీలు.

ముప్ఫై ఒక్క ఏళ్లు నడిచే ఉద్యోగమే నాది.
బస్సు ఉదయగిరికి పోతుంటే
నేను ముందు డోరు నుంచి వెనక సీటు దాకా,
వెనక సీటు నుంచి ముందు డోరు దాకా.
ఆత్మకూరు దాటేలోపు
నేనూ ఒక ఊరి దూరం నడిచుంటాను.
కదిలే నేలకు అలవాటుపడ్డ కాళ్లు
కదలని నేల మీద తడబడుతున్నాయి.
పట్టుకోను పైన రాడ్డు లేదు కదా.

నాకు నాలుగడుగుల ముందు మస్తాను, మా డ్రైవరు.
కూర్చునీ కూర్చునీ అరిగిన నడుం అతనిది,
నిలబడీ నిలబడీ నరాలు మెలితిరిగిన పిక్కలు నావి.
ఇప్పుడూ ముందు అతనే, వెనక నేనే.
తిరిగి చూడడు.
ఆరో బెంచీ దగ్గర ఒక పలక వదులైంది,
కాలు పడితే టక్కుమంటుంది.
అతని కాలికి ఒక టక్కు, నా కాలికి ఒక టక్కు.
రెండు బెల్లులు. రైట్, రైట్.

పెన్నలో నీళ్లు అంతంతమాత్రం.
ఇసకలో అక్కడో పాయ, ఇక్కడో పాయ,
ఎవరో ఆరేసి మర్చిపోయిన పంచెల్లాగా.
ఆవలి గట్టున చిల్లచెట్లు కాలుస్తున్న పొగ.
దీపస్తంభానికి నా భుజం ఎత్తున
ఎర్రమట్టి గీత ఒకటి ఉంది.
ఒక కార్తీకంలో సోమశిల గేట్లెత్తిన రాత్రి
ఏరే ఈ బాట మీదికి వాకింగుకొచ్చిన గుర్తు.
"టికెట్ లేకుండా ఎక్కిందబ్బా" అంటాడు మస్తాను,
రోజూ అదే చోట, అదే మాట.
నేను రోజూ నవ్వుతాను.

పంపుహౌసు గోడ నీడలో పెంచలమ్మ.
రాగి జావ, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు.
మొదటిరోజే గుర్తుపట్టాను.
సంగంలో ఎక్కేది, నెత్తిన దోసకాయల గంపతో.
ఒకసారి గంపకు లగేజీ కొట్టాల్సిందేనన్నాను.
డబ్బుల్లేవంది.
చెకింగు వాళ్లున్నారని నా భయం.
బుచ్చి రాకముందే దించేశాను, వానలో.
రెండు బెల్లులు కొట్టింది ఈ చెయ్యే.

ఆమెకు గుర్తు లేదు.
ఎందరు కండక్టర్లు, ఎన్ని గంపలు!
"పల్చగా కలిపేదా సారూ, చిక్కగానా?"
అంతే అడుగుతుంది.
నా గొంతులో మాటొకటి రోజూ ముందు డోరు దాకా వచ్చి
దిగకుండా వెనక సీట్లోకి పోయి కూర్చుంటుంది.

ఇవాళ ఇరవై నోటిచ్చాను. గ్లాసు పదిహేను.
కొంగు ముడి విప్పింది, డబ్బా కుదిపింది,
"చిల్లర లేదు సారూ, రేపిస్తాలే" అంది.

ముప్ఫై ఒక్క ఏళ్లు
టికెట్ల వెనక నేను గీకిచ్చిన మాట.
దిగేటప్పుడు అడగండి, దిగేటప్పుడు అడగండి.
ఎందరు అడక్కుండానే దిగిపోయారో,
ఎన్ని అర్ధరూపాయలు నా తోలుసంచీ అడుగున
పేరు లేకుండా మిగిలిపోయాయో.

"వద్దులే, ఉంచుకో" అనబోయాను.
అనలేదు.
బాకీ ఉండనీ.
డాక్టరు చెప్పినా బద్ధకించే కాళ్లు
అయిదు రూపాయలకైతే తప్పకుండా వస్తాయి.
రేపో, ఎల్లుండో,
నాది తీసుకునే వంకన
ఆమెది ఇచ్చేయొచ్చు.

మస్తాను అప్పటికే తిరుగుదారి పట్టాడు.
వెనక్కి చూడడు.
వదులు పలక దగ్గర టక్కుమని ఒక చప్పుడు,
ఆ తర్వాత ఏమీ లేదు.
ఒక బెల్లంటే ఆగమని.
రెండోది నేను కొట్టాలి.