పంతం అని చదివాను

వడపళని సందులో రెండో అంతస్తు.
రికార్డింగ్ మొదలైతే ఏసీ ఆపేస్తారు, ఫ్యాను కూడా.
చెమట మైకుకి వినిపించదు కాబట్టి
మాకు పట్టొచ్చు.

కథలో అతను కంపెనీ వారసుడు,
నేను అప్పుల్లో ఉన్న ఆరాధ్య.
ఒక్క ఏడాది మొగుడూ పెళ్ళాల్లా నటించాలని
నాలుగో భాగంలోనే స్టాంపు కాగితం మీద సంతకాలయ్యాయి.
కథ బయట నా పేరు తాయారు.
భాగానికి నాకు నాలుగొందలు, అతనికి ఆరొందలు.
అదేమంటే, హీరో కదా అన్నారు.

నాకు తెలుగు చదవడం రాదు.
పెరంబూరులో మా ఇంట్లో నాలుగు తరాలుగా
తిట్టుకునేదీ, దేవుణ్ణి పిలిచేదీ తెలుగులోనే,
బడి మాత్రం అరవంలో.
నా తెలుగు చెవిలో పుట్టి నోట్లో పోతుంది,
కాగితం దాకా రాదు.

అందుకని నా మాటల్ని
ముందు దయాకర్ చదివేవాడు.
సూళ్ళూరుపేట నుంచి తెల్లారి బండికొచ్చి
మెట్ల మీద కూర్చుని, డబ్బా మూతైనా తీయకుండా,
ఆ పిల్ల సిగ్గు, ఆ పిల్ల కోపం,
"నువ్వు ముట్టుకుంటే నాకు భయం లేదు" లాంటివన్నీ
కరెంటు బిల్లు చదివినట్టు చదువుతుంటే
నేను అరవ అక్షరాల్లో దించుకునేదాన్ని.

అరవానికి పొదుపెక్కువ.
క, గ ఒకటే. త, ద ఒకటే. ప, బ, భ ఒకటే.
కడప రాసినా గడప రాసినా
ఒకే చోట కాలు పెట్టాలి.
ఒకసారి "నా బాధ" అనాల్సిన చోట
కళ్ళనీళ్ళతో "నా పాత నీకేం తెలుసు" అన్నాను.
సౌండు చూసే ఏళుమలైకి తెలుగు రాదు, ఓకే అన్నాడు.
దయాకర్ నవ్వలేదు.
"అదీ నిజమే కదా" అని,
మళ్ళీ చెప్పించాడు.

డెబ్బై మూడో భాగం.
కథలో వాన, కథలో కారు చెడిపోయింది.
వాన కోసం ఏళుమలై
చేటలోకి కందిపప్పు ఒంపుతున్నాడు.
"మన మధ్య ఇంక నటన లేదు, ఉన్నదల్లా"
తర్వాతి మాట పంతమో బంధమో
నా రాతలో తేలలేదు.
తలెత్తి అతని వైపు చూశాను, అడగడానికే.
గొంతు లేకుండా
పెదాలు మాత్రం కదిపాడు.

ప కీ బ కీ
పెదాలు ఒకేలా మూసుకుంటాయి.

పంతం అన్నాను.

టేకు పాడైంది. పప్పు అయిపోయింది.
అతను దాన్ని మళ్ళీ గిన్నెలోకి ఎత్తుకునేలోపు
మేమిద్దరం చెరో గోడ చూస్తూ నీళ్ళు తాగాం.

ఆ తర్వాత కరెంటు బిల్లు గొంతు పోయింది.
చదువుతూ చదువుతూ ఆగేవాడు.
కొన్ని వాక్యాల దగ్గర
"ఇది నువ్వే చూసుకో" అనేవాడు,
నాకు చదవడం రాదని తెలిసీ.

నూట ఎనభై ఆరుతో కథ ముగిసింది.
ఇద్దరూ అగ్రిమెంటు చింపేశారు.
ఏళుమలై చింపింది మధ్యాహ్నం సాంబారన్నం బిల్లు.

కోడంబాక్కం స్టేషన్‌లో, మల్లెల బుట్ట పక్క బెంచీ మీద,
దయాకర్ పాత స్క్రిప్టు వెనక్కి తిప్పి తెల్లవైపు పైకి పెట్టాడు.
"ఇన్నాళ్ళూ నేను చెప్తే నువ్వు రాశావు.
ఈసారి నువ్వు చెప్పు."

బీచ్ బండి వచ్చి పోయింది.
ఇంకోటీ పోయింది.

చెప్పాను, మా పెరంబూరు తెలుగులో,
ఏ రచయితా ఒప్పుకోని తెలుగులో:
"నాకు బాగా చెప్పేదానికి రాలా.
నువ్వు పక్కన లేకుంటే
మా ఇంట్లో మాట కూడా తప్పుగా వస్తా ఉండాది."

ఉన్నదున్నట్టు రాశాడు.
ఉండాదిని ఉంది చెయ్యలేదు.

చదవలేను కదా, వేలు పెట్టి వెతికాను.
గుండ్రంగా ఉన్నదాని దగ్గర ఆగి
ఇదేంటి అన్నాను.
"బ."

దాని కింద చిన్న గీత పెడితే
భయంలో భ అవుతుందట.
అది రేపు నేర్పిస్తానన్నాడు.