పదకొండు దగ్గర

అంకె పదకొండు దగ్గర ఆగిపోయింది.
సెకనుకి పదకొండు మెగాబైట్లు.
పన్నెండు కాదు, పది కాదు,
గొళ్ళెం పెట్టినట్టు పదకొండే.

అటక మీది పాత కంప్యూటర్లో
ఒక వేసవి మొత్తం ఉంది.
నోల్సోయ్ దీవి రాళ్ళ సందుల్లోకి
చీకటి పడ్డాకే ఇల్లు చేరే తుఫాను పిట్టల గొంతులు,
నాలుగు వందల గిగాబైట్లు.
కింద వంటగదిలో టోకి తెచ్చిన డిస్కు.
పొద్దున ఏడున్నర పడవకి
అతనూ డిస్కూ కలిసి తోర్షావ్న్ వెళ్ళాలి.

ఇంకా పది గంటల ఆరు నిమిషాలు, అంది స్క్రీను.
రాత్రి పదిన్నర, అంది గోడ గడియారం.

"గాలి వల్లేమో," అన్నాడు టోకి
ఎండు గొర్రె మాంసం కోసుకుంటూ.
ఈ దీవుల్లో దేనికైనా మొదటి నేరస్తురాలు గాలే.
"తీగలోకి గాలెలా వస్తుందయ్యా?" అన్నాను.

ముందు రహస్య లిపిని అనుమానించాను.
తాళం తీసి బట్టబయలుగా పంపాను. పదకొండు.
వేల చిన్న ఫైళ్ళ చిల్లర బరువేమో అనుకుని
ఒకే పెద్ద మూట కట్టాను. పదకొండు.
డిస్కుని తిట్టి, ఉత్త సున్నాలు రాయించాను.
అది నూట యాభైతో పరుగెత్తి
నా వంక అమాయకంగా చూసింది.
రూటర్ని ఆపి, వెలిగించి,
దాని పచ్చ దీపం ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను.
పదకొండు.

అప్పుడు పిట్టల్ని పక్కన పెట్టి
ఐపెర్ఫ్‌తో ఖాళీ బళ్ళు తోలాను,
ఈ చివర నుంచి ఆ చివరికి, సరుకేమీ లేకుండా.
తొంభై నాలుగు మెగాబిట్లు.
మోసేవాడి భుజం కాదు,
దారే ఇరుకు.

ఈథ్‌టూల్‌ని అడిగితే ఒక్క మాటలో చెప్పింది:
వేగం, వంద.
వెయ్యి మోయాల్సిన తీగ.
రెండు కార్డులూ ఎదురుపడి మాట్లాడుకున్నాయి,
ఉన్నదాంతో కానిద్దామనుకున్నాయి.
ఫిర్యాదు లేదు, ఎర్ర అక్షరం లేదు.
నేనూ అంతే. మార్చి నుంచీ
కాపీ నడుస్తుంటే టీ పెట్టుకుంటున్నాను,
టీ అయిపోతే ఇంకో టీ.
అలవాటు పడ్డానే గాని
ఒక్కసారీ ఎందుకని అడగలేదు.

టార్చి పట్టుకుని అటక మీంచి
గోడ తడుముకుంటూ దిగాను.
కాగితం కింద తీగ, వేలి కింద వెన్నుపూసలా.
ఎనిమిదో మెట్టు దగ్గర
నాన్న బారోమీటరు.
దాన్ని తీశాను.
దాని వెనక మేకు.
మేకు వెనక, సరిగ్గా దాని కింద, తీగ.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
మార్చిలో ఆ సుత్తి పట్టింది నేనే.
రెండే దెబ్బలు, శుభ్రంగా దిగింది,
గోధుమ రంగు జంటలోంచి.

మిగతా రాత్రి పని చేతులది.
గాయం దగ్గర కోసి, తోలు ఒలిచి,
మెలికలు విప్పి దువ్వి,
స్వెట్టరు అల్లేటప్పుడు కళ్ళు లెక్కపెట్టినట్టు పైకే చదివాను:
నారింజ తెలుపు, నారింజ,
ఆకుపచ్చ తెలుపు, నీలం,
నీలం తెలుపు, ఆకుపచ్చ...
అక్కడ టోకి దగ్గాడు, లెక్క తప్పాను,
మళ్ళీ నారింజ తెలుపు నుంచి.
గోధుమ తెలుపు. గోధుమ.
బిగించాను. రెండో కొన కూడా.
మధ్యలో ఒక చిన్న అతుకు పెట్టె.

నూట పన్నెండు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టోకి మాంసం నములుతూ
మెట్టు మీది మేకునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.
"గాలిని కొలిచేది గదా అది.
చెప్పానుగా, గాలే."

గంటలో అయిపోయింది.
నిద్ర పట్టక ఒక ఫైలు తెరిచాం.
జూలై పదకొండు, రాళ్ళ సందు, అర్ధరాత్రి.
గరగర, మధ్యలో ఎక్కిలి, మళ్ళీ గరగర.
దాన్నెలా అంటారో మా ఇద్దరికీ మాట దొరకలేదు.

బారోమీటరు వంటగది బల్ల మీద వెల్లకిలా ఉంది.
ముల్లు మెల్లగా ఎడమకి వాలుతోంది.
ఏడున్నర పడవ సంగతి
ఇద్దరం ఎత్తలేదు.