మూడు కాళ్ళ బేరం

తెల్ హమీస్ దాటాక తారు రోడ్డు అయిపోయింది.
ఆ తర్వాత పత్తి మోళ్ళ మధ్య
టైర్ల జాడే దారి.
నా లోపలి జేబులో మూడు కట్టల డాలర్లు,
మిల్లు అమ్మగా మిగిలినవి.
గతుకు వచ్చినప్పుడల్లా
పక్కటెముకకి గుచ్చుకుంటున్నాయి.

దారి పొడుగునా బ్రోకరు సత్తాం పాఠం చెప్పాడు:
"ముందు గుర్రాన్ని చూడకు. కాఫీ తాగు.
చూసినా చూడనట్టు చూడు.
నీ కన్ను పడిందని తెలిస్తే
ధర గోడెక్కి కూర్చుంటుంది."

చేదు కాఫీ మూడు గుక్కలు తాగాను.
మనవడు మిజ్‌వల్ గుర్రాన్ని వాకిట్లోకి తెచ్చాడు.
తెల్లటి ఒళ్ళు, దాని నిండా తుప్పు రంగు చుక్కలు,
ఎవరో మిరియాలు దంచి చల్లినట్టు.
(చూడలేదు. కంటి చివర్న పడింది, అంతే.)
గోడకి వేలాడదీసిన
ఎండు బెండకాయల దండలు లెక్కపెట్టాను.
పదకొండు.
పన్నెండోది వెతుకుతుంటే
మెడ మీద వెచ్చటి ఊపిరి.
నేను చూడకపోతే
అదే నన్ను చూడ్డానికి వచ్చింది.

ఫిద్దా ముసలామె. గడ్డం మీద నీలి పచ్చబొట్టు.
అడక్కముందే మొదలెట్టింది:
"ఎడమ వెనక గిట్ట వానల్లో మెత్తబడుతుంది.
ప్లాస్టిక్ సంచి ఎగిరితే బెదురుతుంది.
మగవాళ్ళ సెంటు దీనికి గిట్టదు.
పోయినేడు కడుపు నిలవలేదు, ఈసుకుపోయింది."
"మంచి మాట ఒక్కటైనా చెప్పమ్మా" అన్నాడు సత్తాం.
"మంచి చూసుకోడానికి కళ్ళున్నాయిగా.
లోపం దాచి అమ్మిన డబ్బుతో
పిండి కొంటే రొట్టె పొంగదు."

అప్పుడు వేళ్ళు మడుస్తూ తల్లుల పేర్లు చెప్పింది.
దీని తల్లి. దాని తల్లి. దాని తల్లి.
ఖాబూర్ నది ఎండిన ఏడు
నీటి వాసన పట్టి మందనంతా నడిపించినది ఒకటి.
తన అమ్మని పెళ్ళికూతురుగా మోసుకొచ్చినది ఒకటి.
ఏడో వేలు దగ్గర ఆగి, మరిచిపోయి,
మళ్ళీ మొదట్నుంచి వచ్చింది.
తండ్రులెవరని అడిగాను.
"వాళ్ళూ మంచివాళ్ళే. పేరు మాత్రం తల్లిది."

కాగితం ఉందా అన్నాను.
పాలపొడి డబ్బాలోంచి తీసింది.
నాలుగు ముద్రలు, రెండు వేలిగుర్తులు.
ఒక వేలు ఇప్పుడు హాంబర్గ్‌లో టాక్సీ నడుపుతోందట.
రెండోదాని సంగతి చెప్పలేదు,
నేనూ అడగలేదు.

ఆమె శాలువా కింద మిజ్‌వల్ చెయ్యీ సత్తాం చెయ్యీ
చాలాసేపు గొణుక్కున్నాయి.
చెయ్యి బయటికొచ్చింది. ధర తెగింది.
కట్టలు లెక్కపెట్టుకుని ఆమె అంది:
"మూడు కాళ్ళు అమ్మాను."
"నాలుగోది?"
"నాది.
మొదటి ఆడపిల్ల పుడితే
పాలు మాన్పించాక ఇక్కడికి తోలుకురా.
మగపిల్లైతే ఉంచుకో.
ఏదీ పుట్టకపోతే
నా కాలు నీ దాణా తింటూ ఉంటుంది."

సత్తాం నెత్తి కొట్టుకున్నాడు.
ఇంకో వంద ఇస్తానన్నాను. ఇంకో రెండొందలు.
కదల్లేదు.
ఆమె పట్టిన గుర్రానికి మూడే కాళ్ళు.

సాయంత్రం లారీ వెనక బల్ల దించాం.
రబ్దా మూడు కాళ్ళు ఎక్కించింది.
ఎడమ వెనకది నేల మీదే ఉంచింది.
లాగాం, అదిలించాం, బార్లీ చూపించాం.
ఫిద్దా చెప్పుల్లేకుండా వచ్చింది.
వంగి, ఆ గిట్టని గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుని
"అప్పిచ్చానులే, వెళ్ళు" అంది.
లోపలికి పోయి తలుపేసుకుంది.

చీకట్లో చెక్‌పోస్టు.
టార్చి పట్టుకున్న కుర్రాడు, ఇరవై ఉండవు.
"ఎవరిదీ గుర్రం?"
"నాది" అన్నాను. ఆగాను.
"మూడు కాళ్ళు."
వాడు నవ్వలేదు, కాగితాలూ అడగలేదు.
టార్చి ఆర్పేసి మెల్లగా అడిగాడు:
"మూతి మీద ఒక్కసారి చెయ్యి వెయ్యనా?"
"సెంటు పూసుకోలేదు కదా?"

తుపాకీ భుజానికి జరుపుకుని
వాడు తన అరచెయ్యి
తనే వాసన చూసుకున్నాడు.