రసమట్టం

డ్రిల్లు గోడల దిగంగ
మొదలు సున్నం రాలింది, తర్వాత సిమెంటు,
ఆఖరికి ఎర్రగ ఇటుకపొడి.
"ఇగ గట్టిది దొరికింది" అన్నడు సైదులు
నోట్ల బోల్టు పెట్టుకొనే.

మర్రిగూడల మా జీపు షెడ్డు.
జాకీ, గ్రీజు డబ్బ, పాత టైర్లు,
ఏ బండివో తెలువని నట్లు
పదేండ్లుగ నేలమీదనే కాపురం.

"ఎంత ఎత్తుల కొడదాం?"
నెత్తికి జానెడు మీద చెయ్యి వెట్టిన నేను.
సైదులు గోడను చూడలే,
మూలకు స్టూలు మీద పానాలు తుడుస్తున్న
లింగస్వామన్నను చూసిండు.
మా బోరు నీళ్లు తాగి పెరిగిన నడుము.
చేతులు భుజం దాటి లేవయి.

"అన్నా, ఓపాలి చెయ్యి చాపు."

వేళ్లు ఆగిన కాడ పెన్సిలు గీత.
గీత మీద యాంగిలర్లు, యాంగిలర్ల మీద నల్ల బండ.
రసమట్టంల బుడగ అటు ఊగి ఇటు ఊగి
నడుమ నిలవడ్డది.
సైదులు ఎక్కి కూసున్నడు. కిర్రుమనలే.

పొద్దుగూకంగ
అన్న పద్నాలుగో నంబరు పానా పెట్టిండు,
తీసిండు,
మళ్ల పెట్టిండు.

లైటు ఆర్పి చీకట్ల బయటికొస్తుంటె
నా తుంటికి తగిలింది బండ అంచు.
కదలలే, బండ.